బెలూను ధర కాదు, ఆ ఆరు నెలల ఖర్చు అడగండి

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం ఓపీ అయిపోయాక ఒక తల్లీ కూతురూ నా గదికి వచ్చారు. వాళ్లెవరో తెలియకుండా ఉండేందుకు కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. తల్లి చేతిసంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన రంగుల కాగితం ఒకటి తీసి నా బల్ల మీద పరిచింది. బెంగళూరులో ఒక ఆసుపత్రి వాళ్లు అచ్చు వేయించిన కాగితం అది. కోత లేదు, కుట్టు లేదు, కడుపులో చిన్న బెలూను పెడతాం, ఆరు నెలల్లో బరువు తగ్గుతారు అని దాని మీద రాసి ఉంది. కింద పెద్ద అక్షరాలతో 1,60,000 రూపాయలు.

"సిస్టరమ్మా, పాపకు మూడు నెలల్లో పెండ్లి పెట్టుకున్నాం. మగపెండ్లివాళ్లు కొంచెం సన్నగయితే బాగుంటుందన్నారు. బోరు కాడ ఎకరా కుదువ పెడదామనుకుంటున్నాం. ఇంతేనా, ఇంకేమన్నా అయితాదా?" అని ఆ తల్లి అడిగింది.

"కూర్చోమ్మా, ఇద్దరం కలిసి లెక్క వేద్దాం" అన్నాను. ఆ కాగితం మీద ఉన్న నంబరుకే ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. నేను అడిగినవాటికి జవాబులు చెప్పింది. కాకపోతే నేను అడిగితేనే చెప్పింది. కాగితం వెనక వైపు రాసుకుంటూ పోయాం. బెలూను, అది వేసే రోజు ఖర్చు కలిపి 1,60,000. ముందు చేయాల్సిన పరీక్షలు 11,000. వాంతులకు సూదులు, సెలైన్, ఒక రాత్రి గది 14,000. ఆరు నెలల మందులు 7,000. ఆరు నెలల తర్వాత బెలూను తీసే రోజు ఎండోస్కోపీకి, మత్తుకు 38,000. రాకపోకలు, తోడు మనిషి, పోయే కూలి కలిపి మేమే వేసుకున్నది 20,000. మొత్తం రెండున్నర లక్షలు. ఆ తల్లి కాగితాన్ని ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు తిప్పి చూసుకుంది.

ఇది ఒక ఇంటి లెక్క. అన్ని చోట్లా ఇదే అని నేను అనను. పెద్ద నగరాల్లో ఈ చికిత్సకు సుమారుగా లక్షన్నర నుంచి మూడు లక్షల పైచిలుకు దాకా చెబుతున్నారు. అయితే ఆ రోజు నుంచి ఓపీలో, వార్డులో, ఆదివారం గుడి బయట కూడా ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. "బెలూను ఎంతవుతుంది?" అని. అందరికీ కలిపి ఇక్కడ జవాబు చెప్పాలనుకున్నాను. నా అభిప్రాయం ఒక్క మాటలో ఇది. బెలూనుకు ధర అని ఒక్క అంకె లేదు. ఆరు నెలల ఖర్చు ఒకటి ఉంది, ఆ తర్వాతి సంవత్సరాల ఖర్చు ఇంకొకటి ఉంది. ఒక్క అంకె చెప్పేవాళ్ల దగ్గర డబ్బు కట్టకండి. ఒక్క అంకె మాత్రమే అడిగి బయలుదేరకండి.

నేను డాక్టరును కాను. డిప్లొమా చదివిన నర్సును. మన ఆసుపత్రిలో ఈ బెలూను వేయం, కాబట్టి అమ్ముకోవాలన్న ఆశ నాకు లేదు. వేసేవాళ్ల మీద కోపమూ లేదు. కానీ ముప్పై ఏళ్లుగా బిల్లింగ్ కౌంటర్ ముందు మెట్ల మీద కూర్చుండిపోయిన కుటుంబాలను చూస్తూ వచ్చాను. జబ్బుకు ఏడ్చినవాళ్ల కంటే, ముందు చెప్పని ఖర్చుకు ఏడ్చినవాళ్లే నాకు ఎక్కువ గుర్తున్నారు.

మన కరువు సీమలో బరువు తగ్గించే బెలూనేమిటి అని కొందరు నవ్వవచ్చు. నవ్వే మాట కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 36 మంది, పురుషులలో నూటికి 31 మంది అధిక బరువుతో ఉన్నారు. ఒకే ఇంట్లో రక్తం లేని కోడలు, మోకాళ్ల నొప్పులతో లేవలేని అత్త ఇద్దరూ మన ఓపీకి వస్తున్నారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి ఎంతోమంది ఆకలి తీర్చింది. దాన్ని నేను తప్పు పట్టను. కానీ కొర్రలు, జొన్నలు, సంగటి ముద్ద పళ్లెంలో ఒక మూలకు జరిగి, అన్నమే పళ్లెం అయింది. చేను పని తగ్గింది. మోటారు సైకిలు వచ్చింది. అధిక బరువు తిండిపోతుతనానికి శిక్ష కాదు, అది ఒక జబ్బు. జబ్బు ఉన్న మనిషిని ఎగతాళి చేయకూడదు. భయపెట్టి డబ్బు లాగకూడదు.

ఇక బెలూను సంగతి. మెత్తని సిలికాన్ సంచిని ముడిచి, నోటి గుండా కడుపులోకి దింపి, ఎండోస్కోపీ గొట్టంతో చూస్తూ అందులో సుమారు 400 నుంచి 700 మిల్లీలీటర్ల సెలైన్ నింపుతారు. కడుపులో చోటు తగ్గుతుంది, తిన్నది నెమ్మదిగా కిందికి దిగుతుంది, కొంచెం తినగానే నిండినట్టు ఉంటుంది. సెలైన్‌లో నీలం రంగు మందు కలుపుతారు. బెలూను చిట్లితే మూత్రం నీలంగానో పచ్చగానో వచ్చి మనకు తెలియాలని ఆ ఏర్పాటు. ఆరు నెలల తర్వాత మళ్లీ గొట్టం వేసి, బెలూనుకు సూదితో చిల్లు పెట్టి, నీరు లాగేసి, సంచిని నోటి గుండానే బయటికి తీస్తారు. కాబట్టి ఇది ఒక్క రోజు పని కాదు. వేసే రోజు ఒకటి, తీసే రోజు ఇంకొకటి, మధ్యలో ఆరు నెలలు.

ధర ఎందుకు మారుతుంది?

మొదటిది, బెలూను రకం. ఆరు నెలలు ఉండేది ఒక రకం. ఆర్బెరా అనే పేరుతో ఎక్కువగా వినిపించేది ఇదే. స్పాట్జ్ అనే రకాన్ని మధ్యలో నీరు పెంచి తగ్గించవచ్చు. చాలా దేశాల్లో దాన్ని ఏడాది దాకా ఉంచుతారు. దాని ధర ఎక్కువ. సర్దుబాటుకు మళ్లీ ఎండోస్కోపీ చేస్తే ఆ ఖర్చు వేరు. అలూరియన్ అనే రకం మాత్రలా మింగేది. మింగాక ఎక్స్‌రేలో చూసి సన్నని గొట్టం గుండా నీరు నింపి గొట్టం లాగేస్తారు. సుమారు నాలుగు నెలలకు అదే తెరుచుకుని మలంతో బయటికి పోతుంది. దీనికి మామూలుగా మత్తు అక్కర్లేదు, తీసే ఖర్చు లేదు. కానీ ఆ మాత్ర ఖరీదే పెద్దది, ఉండే కాలం తక్కువ. ఒక ఆసుపత్రి అంకెను ఇంకో ఆసుపత్రి అంకెతో పోల్చే ముందు రెండు చోట్లా చెప్పేది ఒకే రకం బెలూనేనా అని అడగాలి. పావు కిలో ధరను కిలో ధరతో పోల్చి ఏది చవక అంటే ఏం చెప్పగలం?

రెండోది, దిగుమతి, పన్నులు. నేను పేర్లు చెప్పిన ఈ బెలూన్లు విదేశీ కంపెనీలవి. డాలరు ధర, దిగుమతి సుంకం, మధ్యలో పంపిణీదారు లాభం, అన్నీ మన బిల్లులోకే వస్తాయి. 2020 బడ్జెట్‌లో దిగుమతి వైద్య పరికరాల మీద 5 శాతం ఆరోగ్య సెస్సు వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా వైద్య పరికరాల మీద జి.ఎస్.టి. 5 శాతానికి తగ్గింది. తగ్గిన పన్ను మీ బిల్లులో కనిపించిందా అని అడగడం మీ హక్కు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. 2017 ఫిబ్రవరిలో గుండెకు వేసే స్టెంట్లకు, అదే ఏడాది ఆగస్టులో మోకాలి కీళ్లకు కేంద్ర ప్రభుత్వం గరిష్ఠ ధర కట్టింది. అంతకు ముందు లక్షకు పైగా అమ్మిన మందు పూసిన స్టెంటు, పన్ను కాక 29,600 రూపాయలకు దిగింది. కడుపు బెలూనుకు అలాంటి కట్టడి లేదు. అయితే 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం దృష్టిలో మందుల కిందికే వచ్చాయి. వాటి గరిష్ఠ చిల్లర ధరను ఏడాదిలో 10 శాతానికి మించి పెంచకూడదు. అందువల్ల బెలూను పెట్టె మీద అచ్చు వేసిన ధర చూపించమని అడగండి. సీలు మీ ముందే విప్పమనండి. పెట్టె మీద ఉండే స్టిక్కరును మీ కేస్ షీటులో అంటించమనండి. మేము ఇంప్లాంట్లకు ఎప్పుడూ చేసే పని ఇది. రేపు ఆ బెలూనుతో ఏదైనా ఇబ్బంది వస్తే అది ఏ కంపెనీది, ఏ బ్యాచిది అని చెప్పగలిగేది ఆ స్టిక్కరే.

మూడోది, మనుషులు, గది. బిల్లులో కనిపించే అంకెలో బెలూను ఒక భాగమే. అనుభవం ఉన్న జీర్ణకోశ వైద్యుడు, మత్తు డాక్టరు, శుభ్రం చేసిన ఎండోస్కోపీ గొట్టం, ఆక్సిజన్, అవసరమైతే ఐ.సి.యు. మంచం, రాత్రంతా వాంతులు చూసే నర్సు, వీటన్నిటికీ ఖర్చు ఉంటుంది. ఒక చోట మరీ తక్కువ చెబితే నాకు సంతోషం కలగదు, అనుమానం కలుగుతుంది. కంపెనీ బెలూను ధర అంతగా తగ్గదు. తగ్గించేది మనుషుల్నే. మత్తు డాక్టరు లేకుండా, రాత్రి నర్సు లేకుండా, మధ్యాహ్నమే ఇంటికి పంపేస్తే బిల్లు తగ్గుతుంది. ఆ రాత్రి ఇంట్లో పదిసార్లు వాంతి అయితే ఆ తగ్గిన డబ్బు ఎవరికి గుర్తుంటుంది?

నాలుగోది, తీసే రోజు. అందరూ మరిచిపోయేది ఇదే. బెలూను తీసే రోజు కడుపులో ఆహారం మిగిలి ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే ముందు రోజుల్లో ద్రవాహారం పెట్టి, కొందరికి పూర్తి మత్తు ఇచ్చి తీస్తారు. వేయడం కంటే తీయడం తేలిక అనుకోకండి. గడువు దాటాక బెలూనును కడుపులో ఉంచకూడదు. చిట్లి పేగుల్లోకి జారితే అడ్డుపడుతుంది, అప్పుడు పొట్ట కోయాల్సి రావచ్చు. తీసే రోజుకు డబ్బు లేదని నెల వాయిదా వేద్దామనుకుంటే ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఆ డబ్బు మొదటి రోజే పక్కన పెట్టలేకపోతే బెలూను వేయించుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

ఐదోది, మనం ఉండే దూరం. అనంతపురం నుంచి బెంగళూరుకు 200 కిలోమీటర్ల పైమాటే. మొదటి వారం వికారం, వాంతులు, కడుపు పట్టేయడం చాలామందికి ఉంటాయి. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి 2015లో అమెరికా ఎండోస్కోపీ వైద్యుల సంఘం లెక్క చూస్తే, ఆర్బెరా రకం వేయించుకున్నవారిలో మూడింట ఒక వంతుకు నొప్పి, నూటికి 29 మందికి వికారం కనిపించాయి. నూటికి ఏడెనిమిది మంది తట్టుకోలేక గడువుకు ముందే తీయించుకున్నారు. ముందే తీయించుకుంటే డబ్బు తిరిగి ఇస్తారా? ఆ ప్రశ్న ముందే అడగాలి. కడుపు చిల్లు పడడం చాలా అరుదు, వెయ్యిలో ఒకరికి. అయినా ఆ ఒక్కరు కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెలో అర్ధరాత్రి ఉంటే ఏ బండి, ఏ ఆసుపత్రి, ఎవరి డబ్బు? 2018 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, 2016 నుంచి ప్రపంచవ్యాప్తంగా ద్రవం నింపిన బెలూన్లు ఉన్నవారిలో 12 మరణాలు తమ దృష్టికి వచ్చాయని వైద్యులకు తెలిపింది. వేయించుకున్నవారి సంఖ్యతో చూస్తే అది చిన్న అంకె. భయపెట్టడానికి చెప్పడం లేదు. "ఏమీ కాదు, బ్యూటీ పార్లర్‌కు పోయి వచ్చినట్టే" అనే మాట మాత్రం నమ్మవద్దని చెబుతున్నాను.

ఆరోది, ఎవరు కడతారు? చాలావరకు మీరే. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఊబకాయం చికిత్స గురించి షరతులు చెప్పింది. అవి సర్జరీ గురించి. బి.ఎం.ఐ. 40 గానీ, తీవ్రమైన జబ్బులు తోడై 35 గానీ ఉండాలి. బెలూను సర్జరీ కాదని కాగితంలోనే గొప్పగా రాసుకుంటారు, బీమా దగ్గర ఆ మాటే మనకు అడ్డం రావచ్చు. కాబట్టి బీమా కంపెనీ నుంచి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఏజెంటు నోటిమాట చాలదు. ఇక ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. 2024 నుంచి దాన్ని ఎన్.టి.ఆర్. వైద్య సేవ అంటున్నాం. పెద్ద జబ్బులతో పేద ఇల్లు గుల్లవకుండా పుట్టిన పథకం అది. ఆ కార్డు మీద బెలూను వేస్తారన్న ఆశతో బస్సెక్కకండి. ముందు ఆరోగ్యమిత్రను అడగండి.

ఏడోది, ఏ ఆసుపత్రి బిల్లులోనూ ఉండదు. అదే వడ్డీ. రెండున్నర లక్షలు ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు ఐదు వేలు, ఏడాదికి అరవై వేలు. బెలూను ఆరు నెలల్లో బయటికి వస్తుంది. వడ్డీ మాత్రం అసలు తీరేదాకా బయటికి రాదు. వేరుశనగ పంట వానను నమ్ముకున్నది. ఒక ఏడు వాన ఎగ్గొడితే కుదువ పెట్టిన ఎకరా చేతికి తిరిగి రాకపోవచ్చు. మన ఇళ్లలో లెక్క ఇక్కడి నుంచే మొదలు కావాలి.

ఇంత పెట్టి మనం కొనేది ఏమిటి?

నేను పైన చెప్పిన 2015 లెక్కలో ఆరు నెలలకు శరీర బరువులో సగటున 13 శాతం తగ్గింది. ఏడాదికి చూస్తే 11 శాతం. అంటే 90 కిలోల మనిషి సుమారు 78కి వచ్చి, తర్వాత కొంచెం వెనక్కి పెరిగినట్టు. కొందరికి ఎక్కువ తగ్గుతుంది, కొందరికి ఏమీ తగ్గదు. అది చిన్న విషయం కాదు. పది శాతం బరువు తగ్గితే షుగరు, బి.పి., మోకాళ్లు, గురక అన్నీ మెరుగవుతాయి. కానీ బెలూను ఉన్న ఆరు నెలల్లో తిండి అలవాటు మారకపోతే, తీసిన తర్వాత బరువు వచ్చిన దారినే తిరిగి వస్తుంది. బెలూను ముద్దను ఆపగలదు గానీ పాయసాన్ని, కూల్ డ్రింకును ఆపలేదు. అవి పక్క నుంచి జారిపోతాయి. అందుకే ఆహార నిపుణురాలి సలహా ఉన్న ప్యాకేజీకి, లేని ప్యాకేజీకి తేడా ఉంది. పదివేలు తగ్గుతాయని ఆ సలహాను తీసివేయించుకుంటే మిగతా డబ్బంతా వృథా.

బెలూను ఎవరికీ వద్దని నేను అనను. బరువు బాగా ఎక్కువై, తిండి, నడక, మందులు నిజంగా ప్రయత్నించి ఓడిపోయి, షుగరో గురకో ముదురుతున్నవారికి, సర్జరీకి శరీరం సిద్ధంగా లేనివారికి డాక్టరు చెబితే అది మంచి సాయమే. స్తోమత ఉంటే వేయించుకోండి, సిగ్గుపడకండి. కానీ కడుపుకు ఇదివరకు ఆపరేషన్ అయినవారికి, పుండు ఉన్నవారికి, రక్తం పలుచబడే మందులు వాడేవారికి, గర్భిణులకు ఇది కూడదు. మన పల్లెల్లో మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్లలు మింగే అలవాటు ఉంది. బెలూను ఉండగా ఆ బిళ్లలు మింగితే కడుపులో పుండు పడి రక్తస్రావం కావచ్చు. ఈ ఒక్క మాట డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

వేరే దారులూ ఉన్నాయి. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవి అనే వారానికొక ఇంజెక్షన్లు మన దేశానికి వచ్చాయి. వాటికీ డాక్టరు చీటీ కావాలి, నెలనెలా ఖర్చు, ఆపితే బరువు తిరిగి పెరుగుతుంది. అన్నిటికంటే ముందు ఉన్న దారి పాతది. 2006లో వెలువడిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం ఫలితాలు చూడండి. చెన్నై వైద్యులు చేసిన పని అది. షుగరు అంచున ఉన్న మనవాళ్లకు తిండి, నడక మార్పించి మూడేళ్లు చూస్తే జబ్బు ముప్పు నాలుగో వంతుకు పైగా తగ్గింది. విశేషమేమిటంటే వాళ్ల బరువు పెద్దగా తగ్గనే లేదు. అద్దంలో తేడా కనిపించకపోయినా లోపల మేలు జరిగింది. థైరాయిడ్ పరీక్ష, షుగరు పరీక్ష, ఆహార సలహా, ఇవి మొదటి మెట్టు. రెండున్నర లక్షల మెట్టు ఎక్కే ముందు ఈ మెట్టు ఎక్కామా అని అడుక్కోవాలి.

ఇంత విన్నాక కూడా వేయించుకోవాలని మీరు, మీ డాక్టరు నిశ్చయిస్తే, డబ్బు కట్టే ముందు ఒక కాగితం మీద ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. ఏ రకం బెలూను, ఎన్ని నెలలు, పెట్టె మీద ధర ఎంత? తీసే ఖర్చు, మత్తు ఖర్చు ఇందులో ఉన్నాయా? ముందు పరీక్షలు, మొదటి వారం మందులు, రాత్రి గది ఉన్నాయా? తట్టుకోలేక ముందే తీస్తే ఎంత కట్టాలి? ఇబ్బంది వచ్చి అడ్మిట్ అయితే ఆ బిల్లు ఎవరిది? రాత్రి పూట ఎవరికి ఫోన్ చేయాలి, మా ఊరికి దగ్గరలో ఏ డాక్టరును చూడాలి? ఆహార సలహా ఎన్ని నెలలు, ఫోన్‌లో తెలుగులో మాట్లాడతారా? మీ ఆసుపత్రిలో ఇప్పటిదాకా ఎంతమందికి వేశారు, తీసిన ఏడాదికి వాళ్లెలా ఉన్నారు? జవాబులు సంతకంతో, ముద్రతో తీసుకోండి. ధరలు ముందే తెలుసుకోవడం రోగి హక్కు అని జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. అడగడం అమర్యాద కాదు. మంచి ఆసుపత్రి విసుక్కోదు. విసుక్కునే చోటు మీకు జవాబు ఇచ్చేసినట్టే.

ఈ మాట మాకూ వర్తిస్తుంది. మన ఆసుపత్రిలో కూడా ఏ చికిత్సకైనా మొత్తం ఖర్చు ముందే రాసి ఇవ్వాలని నేను మా సమావేశాల్లో అడుగుతూనే ఉన్నాను. కొన్నిటికి ఇస్తున్నాం, అన్నిటికీ ఇంకా ఇవ్వడం లేదు. మీరు అడిగితే ఆ పని త్వరగా అవుతుంది.

ఇక ఆ తల్లీ కూతుళ్ల సంగతి. లెక్కంతా అయ్యాక ఒక ప్రశ్న మిగిలింది. మూడు నెలల్లో పెండ్లి. అంటే పెండ్లి రోజున బెలూను కడుపులోనే ఉంటుంది. అది తీసేదాకా గర్భం రాకుండా చూసుకోవాలి. ఈ మాట ఆ కాగితంలో లేదు, ఫోన్‌లో ఆ అమ్మాయీ చెప్పలేదు. ఆ తల్లి మొహం మారిపోయింది. "అత్తగారింట్లో ఇది ఎట్లా చెప్పేది సిస్టరమ్మా" అంది.

నేను కూతురి వైపు తిరిగి "నీకేమనిపిస్తోంది పాపా?" అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నన్ను ఇంతవరకు ఎవ్వరూ అడగలేదు మేడమ్" అంది.

ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. బరువు ఎక్కువే, ఆ మాట ఆమెకు దాచలేదు. ఆ రోజు రక్త పరీక్షలు రాయించి, మా ఆహార సలహా సిస్టర్ దగ్గర కూర్చోబెట్టాం. ఎకరా కుదువ పెట్టలేదు. పెండ్లి పెద్దలు మాట్లాడుకుని మరో ముహూర్తానికి జరిపారు. ఐదు నెలల తర్వాత వచ్చినప్పుడు ఆమె 74 కిలోలు ఉంది. నాలుగు కిలోలు ఏ రంగుల కాగితం మీదా వేసుకునే అంకె కాదు. రేపు డాక్టరు బెలూనో ఇంజెక్షనో కావాలంటే అప్పుడూ ఆలోచిస్తారు. కానీ ఈసారి ఆ నిర్ణయం ఆమెది. లెక్క కూడా ఆమె చేతిలోనే ఉంది. మేము ఆ రోజు రాసిన కాగితం వెనక వైపును ఆమె మడిచి పర్సులో పెట్టుకుంది.

మీ ఇంట్లోనూ అలాంటి రంగుల కాగితం ఒకటి ఉంటే తీసుకురండి. ఓపీ అయ్యాక మధ్యాహ్నం మూడు గంటల నుంచి నేను గదిలోనే ఉంటాను. వెనక వైపు ఖాళీగా ఉంటుంది కదా, కూర్చుని లెక్క వేద్దాం.